తమ్ముడికి పడే స్వరం అక్కకు ఎందుకు పడదు?

ప్రశ్న: మేష్టారికి నమస్కారాలు. మాది గుణుపురం. నాకు 21 ఏళ్లు. చిన్నప్పుడు పర్లాకిమిడిలో అమ్మమ్మగారింట్లో ఉండి నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్నాను, వర్ణాల దాకా వచ్చి ఆగిపోయాను. ఈ మధ్య మా తమ్ముడు కంప్యూటర్లో అల్ట్రాస్టార్ డీలక్స్ అనే పాటల ఆట పెట్టాడు. తెర మీద గీతలు వస్తూ ఉంటాయి, మైకులో పాడితే మన స్వరం ఆ గీతల మీద పడాలి. పల్లవి అంతా బాగానే పడుతుంది. చరణంలో పైకి వెళ్లే చోట మాత్రం ఎంత గట్టిగా పాడినా గీత ఖాళీగా ఉండిపోతుంది, మర్నాటికి గొంతు బొంగురుపోతుంది. సంగీతం ఒక్క ముక్క రాని మా తమ్ముడు, పదహారేళ్లవాడు, అదే చోట కుర్చీలో జారగిలబడి గొణిగినట్టు పాడితే గీత నిండిపోతుంది. పైగా పాట మాటలు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో వస్తాయి. మేమిద్దరం ఒడియా మీడియంలో చదివినవాళ్లం, తెలుగు లిపి తడుముకుంటూ చదువుతాం. దసరాకి పాలకొండ నుంచి మా మేనత్త పిల్లలు వస్తారు, పోటీ పెట్టుకున్నాం. ఆ పై స్వరాలు నాకు పడాలంటే ఏం చెయ్యాలి? నేను నేర్చుకున్నదంతా ఏమైనట్టు?

సమాధానం:

అమ్మా,

నీ ఉత్తరం చదివాక నా ఆలోచన నీ గొంతు మీద కన్నా, కుర్చీలో జారగిలబడి గొణుగుతున్న మీ తమ్ముడి మీదే ఎక్కువసేపు నిలిచింది. నీ ప్రశ్నకు సగం సమాధానం వాడి దగ్గరే ఉంది. పదహారేళ్లు వచ్చేసరికి మగపిల్లల గొంతు సాధారణంగా మారిపోయి ఉంటుంది. మారినప్పుడు అది దాదాపు ఒక స్థాయి, అంటే స నుంచి పై స దాకా ఉండే దూరమంత, కిందికి దిగుతుంది. అందుచేత నువ్వు తారస్థాయి షడ్జాన్ని అందుకోవడానికి మెడ నరాలు బిగించి పాడుతున్న చోట, వాడు మధ్యస్థాయి షడ్జం మీద నింపాదిగా కూర్చుని ఉన్నాడు. ఆ సంగతి వాడికే తెలియకపోవచ్చు. ఆట మాత్రం మీ ఇద్దరికీ ఒకే కొలత వేసింది, ఎందుకంటే దానికి స్థాయితో పని లేదు.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. ఇది అర్థమైతే తక్కిన సలహాల్లో చాలామటుకు నీకు నువ్వే ఊహించుకోగలవు. మైకులోంచి వచ్చిన నాదాన్ని ఆట చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని, ఒక్కొక్క ముక్కలో కంపనం సెకనుకు ఎన్నిసార్లు తిరిగి వస్తోందో లెక్క కడుతుంది. హార్మోనియం మీద ఆరో శ్రుతి అని మనం పట్టుకునే తెల్లమెట్టు సెకనుకు 440 సార్లు కంపిస్తుంది. దాని పై స్థాయిలోది 880 సార్లు, కింది స్థాయిలోది 220 సార్లు. తెల్లవీ నల్లవీ కలుపుకుని ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు ఈ సంఖ్య దాదాపు 6 శాతం చొప్పున పెరుగుతూ, పన్నెండు మెట్లు ఎక్కేసరికి సరిగ్గా రెట్టింపు అవుతుంది. నీ స్వరం ఆ పన్నెండు స్వరస్థానాల్లో దేని మీద పడిందన్నదే ఆట చూస్తుంది. అది మంద్రమా, మధ్యమా, తారమా అన్నది వదిలేస్తుంది. 2004లో సోనీవారి సింగ్‌స్టార్ అనే పాటల ఆట ఈ పద్ధతినే పాటించింది, దాని దారిలో ఉచితంగా తయారైన అల్ట్రాస్టార్‌లోనూ ఇదే ఉంది, 2007లో వచ్చిన రాక్ బ్యాండ్‌లోనూ ఇదే. మగవాళ్లు పాడిన పాటను ఆడవాళ్లు, ఆడవాళ్లు పాడిన పాటను మగవాళ్లు, ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడుకోవాలంటే మరో దారి లేదు కదా.

కాబట్టి నీకు అందని స్వరాన్ని ఒక స్థాయి కింద పాడు. గీత నిండుతుంది. దీన్ని మోసం అనుకోవద్దు; ఆట తయారుచేసినవాళ్లు తెలిసి పెట్టిన వెసులుబాటు ఇది. అయితే ఇందులో ఒక మెలకువ ఉంది. స్థాయి మార్చడం ఊపిరి తీసుకునే చోటనే జరగాలి తప్ప మాట మధ్యలో జరగకూడదు. మాట మధ్యలో కిందికి దూకితే గొంతు ఆ దూరమంతా జారుకుంటూ వెళుతుంది, ఆ జారుడులో రెండు మూడు చిన్న గీతలు పోతాయి, కింద కుదురుకునేసరికి పాట ముందుకు వెళ్లిపోతుంది. పై స్వరం వచ్చే పాదం ఎక్కడ మొదలవుతుందో ముందే చూసుకుని, ఆ పాదం మొత్తాన్ని మొదటి అక్షరం నుంచి కింది స్థాయిలో ఎత్తుకోవాలి. అలా ఎత్తుకున్నప్పుడు అదే పాదంలో ఉన్న కింది స్వరాలు మరీ మంద్రంలోకి పోయి గాలి శబ్దంగా మారితే మాత్రం ఆట వాటిని పట్టుకోలేదు. ఆడవాళ్ల గొంతుకు ఈ ఇబ్బంది తరచుగా వస్తుంది. అటువంటి పాదాల్లో కింది స్థాయి పనికిరాదు, పై స్వరాన్ని దాని చోటనే సాధించుకోవాలి. ఆ దారి తర్వాత చెబుతాను.

దానికంటే ముందు పాయింట్ల లెక్క ఒకటి చూడు. ఈ ఆటలో పాట మొత్తానికి పెద్ద మార్కు 10,000. పాదాన్ని పూర్తిగా పాడినందుకు ఇచ్చే అదనపు పాయింట్లను ఎంచుకుంటే అందులో 1,000 దానికి పోతాయి, మిగిలిన 9,000 స్వరాల పొడవును బట్టి పంచబడతాయి. పాటలో అన్ని గీతల పొడవూ కలిపి 400 మాత్రలు అనుకుందాం. నువ్వు అంతగా బాధపడుతున్న ఆ పై స్వరం 8 మాత్రలు అనుకుందాం. అప్పుడు దాని విలువ 180 పాయింట్లు. అది బంగారు రంగు గీత అయితే రెట్టింపు లెక్క కనుక ఇంచుమించు 360. ఆ 180 కోసం అరిచి, ఊపిరి అంతా ఖర్చుపెట్టి, తర్వాతి పాదం మొదట్లో ఎగశ్వాసతో తడబడితే పోయేది అంతకంటే ఎక్కువ. నీ ఓటమి ఆ ఒక్క స్వరం దగ్గర కాక దాని వెనుక వచ్చే రెండు పాదాల్లో జరుగుతోందేమోనని నా అనుమానం. పాట అయ్యాక తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టి ఏ పాదంలో ఎంత ఖాళీ మిగిలిందో గుర్తు వేయించు, నిజం తేలిపోతుంది.

ఇక నువ్వు గట్టిగా పాడడం గురించి. ఈ ఆటకు గొంతు పెద్దదా చిన్నదా అన్నది అవసరం లేదు. మైకుకు వినబడేంత నాదం ఉంటే చాలు, ఆ పైన ఎంత గట్టిగా పాడినా ఒక్క పాయింటు కూడా పెరగదు. మరి నువ్వు ఎందుకు అరుస్తున్నావంటే, స్పీకర్లు పెద్దగా పెట్టి ఉంటారు. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఎత్యేన్ లొంబార్ 1911లో ప్రచురించాడు. మా బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతర జరిగే రోజుల్లో నాకు ఇది కళ్లారా కనిపిస్తుంది: డప్పుల మధ్య నిలబడి మాట్లాడుకున్న పిల్లలు మర్నాడు పాఠానికి వచ్చి సరళీ వరుస ఎత్తుకుంటే గొంతులోంచి గాలి తప్ప స్వరం రాదు. చప్పుడుకు ఎదురుగా గొంతు పెంచినప్పుడు స్వరం కూడా తన స్థానం దాటి పైకి జరుగుతుంది, ఆ సంగతి పాడేవారి చెవికి తెలియదు. నువ్వు చేయవలసింది చాలా సులభం. స్పీకర్ల చప్పుడు సగానికి తగ్గించు. వీలైతే తీగ ఉన్న ఇయర్‌ఫోను ఒక చెవిలో పెట్టుకుని రెండో చెవితో నీ గొంతు నువ్వు విను.

స్పీకర్లు తగ్గించడంలో మరో లాభం కూడా ఉంది. మైకును స్పీకరుకు ఎదురుగా పట్టుకుని, నోరు మూసుకుని, పాటను ఒక నిమిషం నడవనివ్వు. నువ్వు పాడకుండానే గీతలు అక్కడక్కడ నిండుతున్నాయంటే, ఆట నీ గొంతుతో పాటు స్పీకరులోని గాయని గొంతును, వయొలిన్లను కూడా వింటోందన్నమాట. చరణంలో పైకి వెళ్లే చోట వాద్యాలు కూడా సాధారణంగా పెద్దవవుతాయి. అక్కడ నీ స్వరం సరిగ్గా ఉన్నా ఆట మరొకదాన్ని లెక్కలోకి తీసుకుని ఉండవచ్చు.

ఆలస్యం సంగతి కూడా చూసుకోవాలి, ఇందులో నేను స్వయంగా దెబ్బ తిన్నాను. తీగ లేని మైకు ఒకటి బజారులో చవకగా వస్తే కొని తెచ్చుకుని, రెండు వారాల పాటు నా తాళమే తప్పిపోతోందని దిగులు పడ్డాను. ఆఖరికి ఒక పూట పాట ఆపి, మైకు ముందు చిటిక వేసి చూస్తే, చిటిక వేలి దగ్గర వినిపించిన తర్వాత స్పష్టంగా తెలిసేంత విరామం గడిచాక స్పీకరులో వినిపించింది. నిమిషానికి 120 మాత్రలు నడిచే పాటలో ఒక మాత్ర అర సెకను. అందులో నాలుగో వంతు, అంటే 125 మిల్లీసెకన్లు, ఒక చిన్న గీత పొడవు. మైకు 150 మిల్లీసెకన్లు ఆలస్యం చేసిందంటే, నువ్వు పాడిన చిన్న స్వరం ప్రతిదీ పక్క గీత కింద పడుతుంది. పొడుగు స్వరాల్లో ఈ నష్టం బయటపడదు, చిన్న స్వరాలు వేగంగా పైకి ఎక్కే చోటనే బయటపడుతుంది. అందుకే మనం గొంతును నిందించుకుంటాం. తీగ ఉన్న మైకు వాడు. ఆట అమరికల్లో మైకు ఆలస్యాన్ని మిల్లీసెకన్లలో సరిచేసుకునే చోటు ఉంటుంది, అక్కడ కొంచెం కొంచెంగా మార్చి చూసుకో.

ఇక హార్మోనియంతో చేసే పరీక్ష ఒకటి చెబుతాను. మీ ఇంట్లో లేకపోతే మీ వీధిలో భజన చేసే వాళ్లింట్లో తప్పకుండా ఉంటుంది. ఆటను అన్నిటికంటే కఠినమైన హార్డ్‌లో ఉంచి, మైకును పెట్టె పక్కన పెట్టి, పాట నడుస్తుండగా, నీకు పడని గీత వచ్చినప్పుడు ఒక్క మెట్టు నొక్కి పట్టుకో. పడకపోతే పాట మళ్లీ పెట్టి పక్క మెట్టు నొక్కు. పన్నెండు మెట్లలో ఏదో ఒకదానికి ఆ గీత నిండాలి. ఏ మెట్టుకు నిండిందో, ఆ మెట్టు పాటలో గాయని పాడిన స్వరమేనా కాదా అని చెవితో పోల్చి చూడు. ఈ ఆటలో చాలా పాటలకు గీతలు గీసినవాళ్లు అభిమానులే; మామూలు మనుషులు చెవితో విని, ఒక్కొక్క అక్షరానికి మొదలు, పొడవు, స్వరం అంకెల్లో రాసి పెట్టినవి. పొరపాటు గీత గీసి ఉంటే నువ్వు దసరా వరకూ సాధన చేసినా అది పడదు. పాత రికార్డింగుల్లో శ్రుతి రెండు మెట్ల నడుమ ఎక్కడో ఉండిపోవడం కూడా ఉంది. అటువంటి పాటకు నువ్వు గాయనితో చక్కగా కలిసినా, ఆట ఒకసారి పై మెట్టుగా, ఒకసారి కింది మెట్టుగా లెక్క వేస్తుంది. ఆ పాటలను పోటీ నుంచి తీసేయండి, అంతకంటే చేయగలిగింది లేదు.

ఇప్పుడు నీ చివరి ప్రశ్నకు వస్తాను. నేర్చుకున్నదంతా ఏమైనట్టు అని అడిగావు. అది ఎక్కడికీ పోలేదమ్మా, కొంతవరకు అదే నీకు అడ్డు వస్తోంది. వర్ణాల దాకా వచ్చిన పిల్ల స్వరాన్ని బల్లపరుపుగా పాడదు. కింది స్వరాన్ని తాకి పైదానికి జారుతుంది, పొడుగు స్వరం వస్తే కంపితం వేస్తుంది, ఆగే ముందు ఒక చిన్న నొక్కు నొక్కుతుంది. మా గురువుగారు వింటే ఆనందపడతారు. ఆట వింటే ఆ కంపితంలో స్వరం రెండు మూడు స్థానాల మధ్య తిరగడమే దానికి తెలుస్తుంది. ఆటలో మనం ఎంచుకునే కష్టం కొలతల్లో ఈజీ అన్నదానిలో అటూ ఇటూ రెండేసి స్వరస్థానాల వరకూ ఆట క్షమిస్తుంది, మీడియంలో ఒక్కొక్కటి, హార్డ్‌లో ఏమీ క్షమించదు. ఈజీలో నీ గమకం, అంటే ఈ జారుళ్లూ కంపితాలూ, ఆ వెసులుబాటులో ఇమిడిపోతుంది. హార్డ్‌లో ఆడుతున్నావంటే అదే గమకం నీ మార్కులు తినేస్తుంది. మీ తమ్ముడికి గమకం రాదు, వాడు స్వరాన్ని మేకు కొట్టినట్టు ఒకచోట నిలబెడతాడు. ఆట దృష్టిలో అది గొప్ప సుగుణం.

అందుచేత ఆట కోసం పాడేటప్పుడు పాటను ముందు స్వరాలుగా విప్పుకో. కష్టమైన పాదాన్ని సరిగమల్లో రాసుకుని, హార్మోనియం మీద ఒక్కొక్క మెట్టే నొక్కుతూ, గమకం లేకుండా, సరళీ వరుస పాడినంత నిదానంగా, మొదటి కాలంలో పాడు. పై స్వరానికి ఒక్కసారిగా దూకవలసిన చోటు ఉంటే దాటు వరుసలు మళ్లీ తీయి. మధ్య స్వరాలను తొక్కకుండా నేరుగా పైదాని మీద అడుగు వేయడం ఆ వరుసల్లోనే నేర్పుతారు. అడుగు వేయబోయే ముందు ఆ స్వరం నీ మనసులో వినబడి ఉండాలి. వినబడని స్వరాన్ని గొంతు వెతుక్కుంటూ వెళుతుంది. ఆ వెతుకులాటే గీత మొదట్లో కనిపించే ఖాళీ. నాలుగేళ్ల చదువు నీకు ఇక్కడ అక్కరకు వస్తుంది, సరిగమలు తెలియని మీ తమ్ముడికి ఈ దారి లేదు.

ఈ ఆట మాటలను గుర్తుపట్టదు, స్వరాన్ని మాత్రమే గుర్తుపడుతుంది. దీనివల్ల రెండు సంగతులు నీకు ఉపయోగపడతాయి. మొదటిది, పరుషాలు. క చ ట త ప లు పలికేటప్పుడు, స శ లు పలికేటప్పుడూ, గొంతులో నాదం ఉండదు. ద్విత్వం వస్తే ఆ నిశ్శబ్దం ఇంకా పొడుగవుతుంది. 'పట్టు' అని పాడి చూడు, నడుమ ఎంతసేపు గొంతు ఆగుతుందో తెలుస్తుంది. గీత మీద అంతసేపూ ఖాళీయే. పై స్వరం మీద ఇటువంటి అక్షరం ఉంటే దాన్ని తేలికగా తాకి వెంటనే అచ్చులోకి వెళ్లాలి. గ జ డ ద బ ల్లో, సున్నలో నాదం ఉంటుంది కనుక వాటితో ఈ ఇబ్బంది లేదు. రెండోది, అచ్చును నీ వీలుకొద్దీ కొంచెం మార్చుకోవచ్చు. పై స్వరం ఈకారం మీద ఉంటే పెదవులు చెవుల వైపు సాగి గొంతు బిగుసుకుంటుంది. దాన్ని ఏకారం వైపు కాస్త తెరిస్తే స్వరం వదులుగా వస్తుంది. ఆకారం మీద ఉంటే పెదవులను కాస్త గుండ్రం చెయ్యి. ఇది నీకు కొత్తగా నేర్పనక్కరలేదు. మీ బడిలో ఒడియా మాస్టారు 'జల', 'ఫల' అన్నప్పుడు ఆ అకారం మన అకారంలా పలకదు, ఒకారానికి దగ్గరగా గుండ్రంగా పలుకుతుంది. నువ్వు రోజూ బజారులో మాట్లాడుతున్నదే ఆ అచ్చు. పై షడ్జం మీద మన ఆకారాన్ని ఆ ఒడియా అకారం వైపు ఒక్క పిసరు జరిపి చూడు. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లల నోటికి ఈ పని సులువుగా పట్టుబడడం నేను చాలామంది శిష్యుల్లో చూశాను.

కింది స్థాయిలో పాడడానికి వీల్లేని పై స్వరం సంగతి తర్వాత చెబుతానన్నాను. పోయిన వేసవిలో నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి ఇదే బాధతో వచ్చింది. ఆమెకు పడనిది చరణం చివర ఈకారం మీద ఆరేడు మాత్రలు నిలబడవలసిన స్వరం. పాడమని చూశాను. ఆ పాదం రాబోతుందనగానే గడ్డం పైకి లేచింది, భుజాలు చెవుల దగ్గరికి వెళ్లాయి, మైకు పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి, స్వరం రాకముందే మెడ మీద నరం లేచింది. నేను మైకు తీసేసి ఆమెను చాప మీద వెల్లకిలా పడుకోమన్నాను. పడుకుంటే భుజాలు పైకి లేవలేవు, గడ్డం ఎత్తడానికి వీలుండదు, ఊపిరి తీసుకుంటే పొట్టే లేస్తుంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఆ చెయ్యి లేచేదాకా ముక్కుతో నిదానంగా గాలి తీసుకుని, ఆ స్వరాన్ని ఊకారం మీద, పక్క గదిలో పసిపిల్ల నిద్రపోతోందనుకుని పాడమన్నాను. మొదటిసారి పలచగా వచ్చింది. నాలుగోసారి నిలబడింది. మెడ మీద నరం ఊసే లేదు. అప్పుడు మైకు ఆమె నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుని పాట పెట్టాను, అదే ఊకారం, అదే చిన్న గొంతు. గీత మొదటి మాత్ర తప్ప అంతా నిండింది. ఆమె లేచి కూర్చుని తెర వంక చాలాసేపు చూసింది. ఊకారం నుంచి మాటలోని ఈకారానికి రావడానికి మరో పది రోజులు పట్టింది, ఆ తర్వాత నిలబడి పాడడానికి ఇంకో వారం.

నువ్వు కూడా ఆ వరుసలోనే వెళ్లు. పాదాన్ని హార్మోనియం మీద అసలు శ్రుతి కన్నా మూడు మెట్లు కిందికి దించి, అక్కడ ఊకారంతో హాయిగా వచ్చేదాకా పాడి, రెండు మూడు రోజులకు ఒక మెట్టు చొప్పున పైకి ఎక్కించు. ఏ మెట్టు దగ్గర గడ్డం లేస్తుందో అద్దంలో చూసుకో. అక్కడ ఆగి మర్నాడు మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టాలి. సాధనకు ముందు ఐదు నిమిషాలు, చిన్నపిల్లలు మోటారు బండి ఆట ఆడుకుంటూ పెదవులు బుర్రుమనిపిస్తారే, అలా అనిపిస్తూ కింది షడ్జం నుంచి పై షడ్జం దాకా వెళ్లి రావాలి. లేదా గ్లాసులో మూడు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, సన్నని స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా స్వరం పాడాలి. నోటి ద్వారం ఇరుకైనప్పుడు లోపలి గాలి ఒత్తిడి స్వరతంత్రులను ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండా కాపాడుతుందని ఇంగో టిట్జె అనే అమెరికా స్వరశాస్త్రజ్ఞుడు ఎంతో పరిశోధించి చెప్పాడు. ఇప్పుడు ప్రపంచమంతటా గొంతు వైద్యంలో ఈ స్ట్రా పద్ధతి వాడుతున్నారు.

గొంతు బొంగురుపోతోందన్న మాట నువ్వు ఉత్తరంలో ఒక్క ముక్కతో దాటవేశావు, నాకు మాత్రం అన్నిటికంటే అదే బెంగగా ఉంది. ఆరో శ్రుతి పాడుతున్నప్పుడు స్వరతంత్రులనే ఆ రెండు చిన్న పొరలు సెకనుకు 440 సార్లు కలిసి విడిపోతాయి. వాచిన పొరలతో అంతే పని చేయిస్తే కాయలు కాస్తాయి. బొంగురుపోయిన మర్నాడు ఆట వద్దు, గుసగుసగా మాట్లాడడం కూడా వద్దు. గుసగుస గొంతుకు విశ్రాంతి అని అందరూ అనుకుంటారు గాని చాలామందికి అది మరింత బిగుతు తెస్తుంది. పాడుతూ ఉండగా నొప్పి తెలిస్తే పాట మధ్యలోనైనా మైకు కింద పెట్టేయాలి. ఆట ఎన్నిసార్లయినా మళ్లీ మొదలవుతుంది. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఇంటి చిట్కాలతో కాలం గడపకుండా చెవి ముక్కు గొంతు వైద్యుడికి చూపించుకో. మీ తమ్ముడికి కూడా ఒక మాట చెప్పు: గొంతు మారే వయసులో వాడు పాడుతున్న పద్ధతే సరైనది, పై స్థాయిలో నీతో పంతానికి పోవద్దని.

ఇక పాట మాటలు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులో ఏది హ్రస్వమో ఏది దీర్ఘమో తెలియదు; చదివి పోల్చుకునేసరికి గీత దాటిపోతుంది. తెరను చదవడం మానేసి, పాటను కంఠతా పట్టి, తెర మీద గీతలను మాత్రమే చూడాలి. కంఠతా పట్టడానికి నీకు వేగంగా చదవడం వచ్చిన లిపిలో, అంటే ఒడియాలోనే, పాటను కాగితం మీద రాసుకో. ఒక్క జాగ్రత్త: ఒడియాలో మన ఎ, ఏ రెండింటికీ ఒకే అక్షరం, ఒ, ఓలకూ అంతే. కనుక ఆ చోట్ల దీర్ఘం ఉంటే అక్షరం పైన ఒక అడ్డగీత పెట్టుకో. ఊపిరి తీసుకునే చోట ఎర్ర పెన్సిలుతో నిలువు గీత, స్థాయి దించి ఎత్తుకోవలసిన పాదం ముందు కింది బాణం గుర్తు వేసుకో. పై స్వరం వచ్చే పాదానికి ముందున్న నిలువు గీతను ఎప్పుడూ వదలొద్దు. అక్కడ సగం ఊపిరితో వెళ్లినందువల్లే చాలామందికి పై స్వరం చివరి మాత్రల్లో కుంగిపోతుంది.

పోటీ రోజున ముందు నడిమి స్వరాల్లో తిరిగే పాటలు పాడండి. కష్టమైన పాట మూడోదిగానో నాలుగోదిగానో పెట్టుకోండి, గొంతు వెచ్చబడి ఉంటుంది, ఇంకా అలసిపోయి ఉండదు. అందరూ ఒకే కష్టం కొలతలో, మీడియంలో ఆడితే మంచిది. పాలకొండ పిల్లలు తెలుగు లిపి గడగడా చదువుతారు, ఇంగ్లీషు అక్షరాల తెలుగు వాళ్లకూ ఇబ్బందే. వాళ్ల కోసం ఆ పాటలను తెలుగులో ఒక ప్రతి నీ చేత్తోనే రాసి పెట్టు. తడుముకుంటూ రాసినా ఫరవాలేదు. దసరాకి ఇంకా వ్యవధి ఉంది, రెండోసారి రాసేసరికి మాటలు నీకూ నోటికి వచ్చేస్తాయి.